రేడియేషన్ పడితే యాంటీబాడీలు ఏమవుతాయి: ముందు పడిందా, తర్వాత పడిందా అన్నదే అసలు లెక్క

ప్రశ్న ఇది: "ఒంటికి రేడియేషన్ తగిలితే రోగనిరోధక కణాలకు ఏమవుతుంది? యాంటీబాడీల తయారీ ఆగిపోతుందా? ఇదివరకు వేయించుకున్న టీకాలు వృథా అయినట్టేనా?"

మూడూ ఒక్క ఊపులో అడిగారు గానీ మూడింటికీ జవాబు ఒకటి కాదు. రోగనిరోధక కణాల్లో కొన్ని గంటల్లో చస్తాయి, కొన్నింటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కొత్త యాంటీబాడీల తయారీ ఆగిపోవచ్చు, పాతవాటి తయారీ మాత్రం చాలావరకు సాగుతూనే ఉంటుంది. పాత టీకాలు సాధారణంగా వృథా కావు. ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు మళ్లీ మొదటినుంచీ వేయించుకోవాలి.

మోతాదు తేల్చుకోకుండా ఈ విషయంలో ఏ మాటా నిలవదు కాబట్టి అక్కడ మొదలుపెడదాం. కిలో కణజాలంలో ఒక జౌల్ శక్తి దిగితే అది ఒక గ్రే. ఒంటికి జరిగే హానిని బట్టి మోతాదును లెక్కగట్టే కొలత సీవర్ట్. ఛాతీ ఎక్స్‌రేలో ఒంటికి చేరేది 0.1 మిల్లీసీవర్ట్ లేదా ఇంకా తక్కువ. పొట్ట సీటీ స్కాన్ అయితే 10 మిల్లీసీవర్ట్‌ల దరిదాపు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి వచ్చే సహజ రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. (ఎక్స్‌రే, గామా కిరణాలు ఒళ్లంతా సమానంగా పడ్డప్పుడు ఒక మిల్లీసీవర్ట్, ఒక మిల్లీగ్రే ఒకటే అనుకోవచ్చు.) ఈ స్థాయిల్లో ఎవరికీ రోగనిరోధక శక్తి పడిపోదు. రక్తపరీక్షలో లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం; యాంటీబాడీల వంశానికి చెందిన బి కణాలు, వాటికి తోడుండే టి కణాలు ఇందులోవే) తగ్గినట్టు కనబడాలంటే ఒళ్లంతటికీ ఒకేసారి 250 నుంచి 500 మిల్లీగ్రేలు తగలాలి. వైద్యం లేకపోతే 3.5 నుంచి 4 గ్రేల దగ్గర, తగిలినవాళ్లలో సగం మంది 60 రోజుల్లోపు చనిపోతారు. క్యాన్సర్ రేడియోథెరపీలో 60 గ్రేలు ఇచ్చినా మనిషి నడిచి ఇంటికి వెళ్తున్నాడంటే కారణం, అది గడ్డ మీదకి మాత్రమే, రోజుకు 2 గ్రేల చొప్పున 30 రోజులుగా ఇస్తారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

ఇంకో సంగతి. 70 కిలోల మనిషికి ఒళ్లంతా 4 గ్రేలు పడితే మొత్తం దిగిన శక్తి 280 జౌళ్లు. దాంతో ఒంటి వేడి పెరిగేది సుమారు డిగ్రీలో వెయ్యో వంతు. ఒక గుక్క వేడి టీ అంతకన్నా ఎక్కువ వేడిని లోపలికి పంపుతుంది. అంటే హాని వేడి వల్ల కాదు, ఆ శక్తి డీఎన్ఏ మీద ఎక్కడ పడిందన్న దానివల్ల.

ఒక గ్రే పడితే ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఒక పోగు మాత్రం తెగిన చోట్లు ఓ వెయ్యి ఉంటాయి, రెండు పోగులూ ఒకేచోట తెగినవి 35 నుంచి 40. ఒక పోగు తెగడం పెద్ద విషయం కాదు. ఎదురుగా ఉన్న పోగును చూసి కణం దాన్ని త్వరగానే అతికేసుకుంటుంది. చిక్కంతా రెండు పోగులూ తెగిన చోట. విభజనకు సిద్ధమైన కణం దగ్గర డీఎన్ఏకి రెండో ప్రతి ఉంటుంది, దాన్ని చూసి సరిచేసుకోగలదు. రక్తంలో తిరిగే లింఫోసైట్ విశ్రాంతిలో ఉంటుంది, దాని దగ్గర ఆ రెండో ప్రతి ఉండదు. తెగిన కొసలను ఉన్నవి ఉన్నట్టు ముడేసుకోవడం ఒక్కటే దానికి దారి. అక్కడ ఏటీఎం అనే ప్రొటీన్ తెగిన చోట్లను పసిగట్టి పీ53 అనే ఇంకో ప్రొటీన్‌ని లేపుతుంది, పీ53 పూమా, బ్యాక్స్ అనే ప్రొటీన్లను రంగంలోకి దించుతుంది, మైటోకాండ్రియా పొర చిల్లులు పడుతుంది, కణం తనంతట తాను చచ్చిపోతుంది. దీన్నే అపోప్టోసిస్ అంటారు. లింఫోసైట్‌లో ఈ మీట ఎప్పుడూ సగం నొక్కే ఉంటుంది.

1906లో బెర్గోనియే, ట్రిబోందో అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు, త్వరత్వరగా విభజన చెందే కణాలే రేడియేషన్‌కు ఎక్కువ లొంగుతాయని సూత్రం చెప్పారు. చాలా కణాలకు అది సరిపోతుంది. చిన్న లింఫోసైట్‌కి మాత్రం సరిపోదు. అది విభజన చెందకుండా ఊరికే కూర్చున్నప్పుడే, గంటల వ్యవధిలో చస్తుంది. ఎందుకింత సున్నితం? లింఫోసైట్ ఎదిగేటప్పుడు తన జన్యువులను తానే కోసి అతికించుకుంటుంది, రకరకాల యాంటీబాడీలు పుట్టేది ఆ కోతల నుంచే. పైగా ఒక్క కణం లక్షల కణాలుగా పెరగగలదు. అలాంటి కణంలో తప్పు మిగిలితే లింఫోమా అనే క్యాన్సర్ అవుతుంది. అనుమానం వస్తే చంపెయ్యడమే శరీరానికి లాభం.

ఈ కోత, అతుకు పనిముట్లే రేడియేషన్ గాయాన్నీ బాగుచేస్తాయి. 1983లో వెలుగులోకి వచ్చిన స్కిడ్ ఎలుకల్లో బి, టి కణాలు రెండూ ఉండవు. తర్వాత తేలిందేమిటంటే వాటిలో డీఎన్ఏ కొసలను అతికే ఒక ఎంజైమ్ దెబ్బతిని ఉంది, అందుకే అవి రేడియేషన్‌కీ తట్టుకోలేవు. మనుషుల్లో ఆర్టెమిస్ జన్యులోపం, అటాక్సియా టెలాంజియెక్టేసియా ఇదే కోవకి చెందుతాయి. ఇందులో ఆచరణకు పనికొచ్చే ముక్క ఒకటుంది. పుట్టుకతోనే బి, టి కణాలు రెండూ లేని పసిబిడ్డ కనబడితే, ఏ జన్యువు చెడిందో తేలేదాకా అనవసరమైన సీటీలు తీయకూడదు. అల్ట్రాసౌండ్, ఎమ్మారైలతో సరిపెట్టుకోవాలి. మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే రేడియేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఏ కణం ఎంత తట్టుకుంటుందన్న వరుస ఇంచుమించు ఇలా ఉంటుంది. అందరికన్నా ముందు పోయేవి బి కణాలు. తర్వాత ఇంకా ఏ యాంటిజెన్‌నూ (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే పదార్థం) చూడని కొత్త టి కణాలు. ఎన్‌కే కణాలు (వైరస్ సోకిన కణాలను చంపే లింఫోసైట్లు), జ్ఞాపక టి కణాలు, నియంత్రక టి కణాలు వీటికన్నా గట్టివి. క్రిములను మింగే మాక్రోఫేజ్‌లు, యాంటిజెన్‌ను టి కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలు చాలా గట్టివి, పదుల గ్రేలు పడ్డా వెంటనే చావవు. బ్యాక్టీరియాతో ముందుగా పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ కథ వేరు. రక్తంలో ఉన్న ముదురు న్యూట్రోఫిల్‌కి ఏమీ కాదు, కానీ వాటిని పుట్టించే మూలుగ కణాలు మాడిపోతాయి. ఉన్నవి కొద్దికాలమే బతుకుతాయి కాబట్టి, పూడ్చేవి లేక, మూడు నాలుగు వారాలకు అడుగంటుతాయి. అన్నిటికన్నా మొండివి ప్లాస్మా కణాలు. యాంటీబాడీలను తయారుచేసి రక్తంలోకి వదిలేవి ఇవే. వాటికి ఇక విభజన అవసరం లేదు, చచ్చే మీట కూడా బిగుసుకుపోయి ఉంటుంది.

బి కణమే అన్నిటికన్నా నాజూకు, ఆ బి కణం ముదిరి ప్లాస్మా కణమైతే అన్నిటికన్నా మొండి. ఒకే వంశం, రెండు చివర్లు. యాంటీబాడీల మీద రేడియేషన్ ప్రభావం ఎందుకంత తికమకగా కనబడుతుందో దీంతోనే అర్థమవుతుంది.

టీకాయో క్రిమో లోపలికి వచ్చిన రోజు నుంచి చూడండి. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఆ యాంటిజెన్‌కు సరిపడే బి కణాలు, వాటికి తోడు టి కణాలు మేలుకుంటాయి. నాలుగైదు రోజులకు ఐజీఎం అనే తొలి రకం యాంటీబాడీ వస్తుంది. ఏడు నుంచి పది రోజులకల్లా లింఫ్ గ్రంథుల్లో జెర్మినల్ సెంటర్లు ఏర్పడతాయి. అక్కడ బి కణాలు వడివడిగా విభజన చెందుతూ, మెరుగైన యాంటీబాడీ చేసేవే మిగులుతూ వస్తాయి. రెండు వారాలకు ఐజీజీ అనే తర్వాతి రకం యాంటీబాడీ బలంగా కనబడుతుంది. చివరికి కొన్ని ప్లాస్మా కణాలు ఎముక మూలుగలో స్థిరపడి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ఈ దారిలో మొదటి మెట్టు, జెర్మినల్ సెంటర్ మెట్టు రెండూ రేడియేషన్‌కు బలహీనమైన చోట్లు. చివరి మెట్టు గట్టిది.

ఇది ఊహ కాదు, వందేళ్లకు పైగా చూస్తున్నదే. ఎక్స్‌రేలు కుందేళ్లలో యాంటీబాడీలను తగ్గిస్తాయని 1908లోనే బెంజమిన్, స్లూకా చూపించారు. 1915లో హెక్టోయెన్ అదే చూశాడు. 1950ల్లో టాలియాఫెర్రో దంపతులు కుందేళ్లకు గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించి, రేడియేషన్ రోజును ముందుకీ వెనక్కీ జరుపుతూ చూశారు. యాంటిజెన్‌కు ఒకటి రెండు రోజుల ముందు రేడియేషన్ పడితే యాంటీబాడీలు బాగా అణగిపోయాయి. యాంటిజెన్ ఇచ్చిన కొన్నాళ్లకు అదే మోతాదు పడితే పెద్దగా తేడా లేదు. 1952లో డిక్సన్, టాల్మేజ్, మౌరర్ కూడా యాంటీబాడీ స్పందనలో రేడియేషన్‌కు లొంగే దశ ఒకటి, లొంగని దశ ఒకటి ఉన్నాయని తేల్చారు. రెండోసారి అదే యాంటిజెన్ ఇచ్చినప్పుడు వచ్చే స్పందన మొదటిదానికన్నా ఎక్కువ తట్టుకుంటుందన్నదీ ఆ కాలంలోనే స్థిరపడింది.

యాంటిజెన్‌ను రేడియేషన్ పడ్డ వెంటనే కాక, ఒకటి రెండు రోజుల తర్వాత ఇస్తేనే అణచివేత ఎక్కువ ఎందుకు? దెబ్బతిన్న లింఫోసైట్ తక్షణం కూలిపోదు, దానికి కొన్ని గంటలు పడుతుంది. ఆలోపు యాంటిజెన్ దొరికితే కొన్ని కణాలు మేలుకుని తప్పించుకుంటాయి. ఒకటి రెండు రోజులు గడిస్తే చావాల్సినవన్నీ చచ్చి ఉంటాయి, కొత్తవి ఇంకా పుట్టి ఉండవు. ఆ ఖాళీలో వేసిన టీకా దాదాపు నేలపాలే.

అదే కాలంలో జాకబ్సన్ బృందం కుందేలు ప్లీహానికో అపెండిక్స్‌కో సీసపు తొడుగు వేసి మిగతా ఒంటికి ఎక్స్‌రే ఇచ్చింది. యాంటీబాడీల తయారీ చాలావరకు నిలబడింది. కప్పి ఉంచిన చిన్న ముక్క నుంచి కణాలు బయలుదేరి మిగతా ఒంటిని నింపుతాయి. ప్రమాదాల్లోనూ ఇదే లెక్క. ఒంట్లో ఏదో ఒక మూల మూలుగ తప్పించుకుని ఉంటే మనిషి కోలుకునే అవకాశం ఒక్కసారిగా పెరుగుతుంది. సగటు మోతాదు ఒక్కటే చూసి ఆశ వదులుకోకూడదనేది అందుకే.

ఇప్పటికే రక్తంలో ఉన్న యాంటీబాడీ అణువుల మాటకొస్తే, మనిషి బతకగలిగే మోతాదుల్లో వాటికి ఏమీ కాదు. ఐజీజీ సగం కావడానికి 21 రోజులు పడుతుంది. ఐజీఏ అనే మరో రకానికి ఆరు రోజులు, ఐజీఎంకి ఐదు. పైగా ప్లాస్మా కణాలు కొత్తవి పోస్తూనే ఉంటాయి. అందుకని రేడియేషన్ తగిలిన రెండు మూడు వారాల తర్వాత మొత్తం ఐజీజీ కొలిచి "మామూలుగానే ఉంది, రోగనిరోధక శక్తి బాగుంది" అనుకుంటే పొరపాటు. ఆ అంకె చెప్పేది పాత నిల్వ గురించి. నిన్న వచ్చిన కొత్త వైరస్‌కి కొత్త యాంటీబాడీ చేయగలరా అన్నది అందులో కనబడదు.

ప్లాస్మా కణాల మొండితనానికి మూలుగ మార్పిడి వార్డులో తిరుగులేని రుజువు దొరుకుతుంది. మార్పిడికి ముందు ఒళ్లంతా ఇచ్చే రేడియేషన్ సాధారణంగా 12 గ్రేలు, 2 గ్రేల చొప్పున రోజుకు రెండుసార్లు, మూడు రోజులు. అంత పడ్డాక పాత లింఫోసైట్లు, మూలుగ దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి. రోగి రక్తం 'O' గ్రూపు, దాతది 'A' గ్రూపు అనుకోండి. రోగి పాత ప్లాస్మా కణాలు మాత్రం నెలల తరబడి 'A' గ్రూపుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పోస్తూనే ఉంటాయి. దాత మూలుగ బాగా పట్టి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పెరిగినా ఎర్రకణాలు మాత్రం పుట్టవు, పుట్టబోయేవాటిని ఆ యాంటీబాడీలు చంపేస్తుంటాయి. రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. రెటిక్యులోసైట్లు (అప్పుడే పుట్టిన ఎర్రకణాలు) సున్నా దగ్గరే ఆగిపోయి, మిగతా లెక్కలన్నీ బాగుంటే మొదట చూడాల్సింది ఈ యాంటీబాడీల టైటరే, అంటే రక్తంలో అవి ఏ మేరకు ఉన్నాయన్న కొలతే.

ఆ నిల్వ కూడా కాలక్రమంలో తరిగిపోతుంది, దాత కణాలకు రోగి చిన్నప్పటి టీకాల జ్ఞాపకం ఉండదు. కాబట్టి మార్పిడి తర్వాత మళ్లీ మొదలుపెట్టాలి. న్యూమోకాకల్ టీకా మూడు నుంచి ఆరు నెలలకు, మిగతా చచ్చిన టీకాలు (బతికున్న క్రిమి లేనివి) ఆరు నుంచి పన్నెండు నెలలకు. మీజిల్స్, మంప్స్, రుబెల్లా లాంటి బతికున్న టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిమితో చేసినవి) 24 నెలలు దాటాకే, అదీ దాత కణాలు ఒంటిమీద దాడి చేయడం లేనప్పుడు, రోగనిరోధకాన్ని అణిచే మందులు ఆపేశాకే.

ఒకచోట మాత్రమే ఇచ్చే రేడియోథెరపీ సంగతి. "నాకు మెదడుకి ఇస్తున్నారు, లింఫోసైట్లు ఎందుకు తగ్గాయి?" అన్నది తరచూ వచ్చే ప్రశ్న. మెదడులో మూలుగ లేదు, లింఫ్ గ్రంథులూ లేవు. కానీ రక్తం ఉంది. కిరణం పడుతున్న నిమిషాల్లో ఆ దారిన పోయే రక్తమంతా వాటా అందుకుంటుంది. మెదడు గడ్డకు 30 విడతల్లో 60 గ్రేలు ఇచ్చే పద్ధతికి వేసిన ఒక లెక్క ప్రకారం, ఒక్క విడతలో 0.5 గ్రే లేదా అంతకు మించి తగిలేది సుమారు 5 శాతం రక్తానికే. ముప్పై విడతలూ అయ్యేసరికి అది 99 శాతానికి చేరుతుంది. లింఫోసైట్లను దెబ్బతీయడానికి ఆ అర గ్రే చాలు. పైగా విడతలుగా ఇవ్వడం చర్మం, నరాలు లాంటి కణజాలాలను కాపాడినట్టు లింఫోసైట్లను కాపాడదు. విడతలు పెరిగేకొద్దీ కొత్త రక్తం కిరణం కిందకి వస్తూ ఉంటుంది, అంతే.

ఒంట్లోని మొత్తం లింఫోసైట్లలో రక్తంలో ఉండేవి సుమారు 2 శాతమే. మిగతావి ప్లీహం, లింఫ్ గ్రంథులు, మూలుగ, పేగు గోడల్లో ఉంటాయి. అందుకే కటి భాగానికి, పొట్టకి ఇచ్చే రేడియేషన్‌లో దెబ్బ ఎక్కువ. పెద్దవాళ్లలో పనిచేసే మూలుగలో నాలుగో వంతుకు పైగా కటి ఎముకలు, త్రికం (వెన్ను అడుగున ఉండే ఎముక)లోనే ఉంది. నడుము వెన్నుపూసలు కలిపితే ఇంకో 12 శాతం.

చికిత్స అయ్యాక కోలుకునే వేగం కూడా ఒకటిగా ఉండదు. బి కణాలు, ఎన్‌కే కణాలు నెలల్లో తేరుకుంటాయి. మిగతా కణాలకు సాయపడే సీడీ4 టి కణాలు బాగా ఆలస్యం, ఏడాది రెండేళ్లు పట్టడం వింత కాదు. కొత్త టి కణాలు పుట్టాల్సిన థైమస్ పెద్దవయసులో కుంచించుకుపోయి ఉంటుంది. సీడీ4 లెక్క మైక్రోలీటర్‌కి 200 కిందికి జారితే న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ తెచ్చే న్యుమోనియా భయం మొదలవుతుంది, దాన్ని అడ్డుకునే కోట్రైమోక్సజోల్ మాత్ర అందుకే ఇస్తారు. మెదడు గడ్డకు రేడియేషన్‌తోపాటు టెమోజోలొమైడ్ అనే కీమో మందు వాడేవాళ్లు ఆ మాత్రను నిర్లక్ష్యం చేయకూడదు.

రేడియోథెరపీకి వెళ్తున్నవాళ్లు టీకాల విషయంలో చేయాల్సింది: వీలైతే మొదటి విడతకు కనీసం రెండు వారాల ముందు చచ్చిన టీకాలు (ఫ్లూ, న్యూమోకాకల్) వేయించుకోవాలి. ముందు యాంటిజెన్, తర్వాత కిరణం అన్న పాత కుందేళ్ల పాఠమే ఇది. మొదలైపోతే ఫ్లూ టీకా అప్పుడైనా వేయించుకోవచ్చు, స్పందన కాస్త తగ్గొచ్చు, హాని లేదు. బతికున్న టీకాల జోలికి ఆ సమయంలో పోవద్దు. ప్లీహం కిరణం దారిలో పడే చికిత్సల్లో ఇంకో మెట్టు ఉంది. ప్లీహానికి 40 గ్రేలు దాటితే ప్లీహం తీసేసినవాళ్లతో సమానంగానే చూడాలి. ఇంకా తక్కువ మోతాదుల్లో కూడా అది కుంచించుకుపోవచ్చు. రక్తపు స్మియర్‌లో (గాజుపలక మీద పూసి చూసే రక్తపు చుక్క) ఎర్రకణం లోపల చిన్న ముదురు చుక్కలా హోవెల్-జాలీ బాడీ కనబడితే ప్లీహం పని మానేసిందని గుర్తు. వాళ్లకి న్యూమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు మూడూ ఉండాలి, జ్వరం వస్తే గంటలు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

రేడియేషన్ అంటే యాంటీబాడీలు తగ్గడమే అనుకునేవాళ్లు గ్రేవ్స్ జబ్బును చూడాలి. థైరాయిడ్ అతిగా పనిచేసే ఆ జబ్బుకు రేడియోఅయోడిన్ ఇస్తే, టీఎస్‌హెచ్ గ్రాహకానికి (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను అతుక్కునే చోటు) వ్యతిరేకమైన యాంటీబాడీలు తగ్గకపోగా పెరుగుతాయి. కొన్ని నెలలకు శిఖరానికి చేరి, ఏడాది దాటినా ఎక్కువగానే ఉండొచ్చు. థైరాయిడ్ కణాలు పగిలి యాంటిజెన్ బయటపడటం, అక్కడి నియంత్రక కణాలు దెబ్బతినడం కారణాలుగా చెబుతారు. కళ్లు ఉబ్బే లక్షణం ముదరొచ్చు కాబట్టి ఆ ప్రమాదం ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ తోడు ఇస్తారు. ఆ యాంటీబాడీ మావిని దాటి బిడ్డకు చేరగలదు. అందుకే రేడియోఅయోడిన్ తీసుకున్న స్త్రీ తర్వాత గర్భం దాల్చితే, తన థైరాయిడ్ లెక్కలు మాత్రల మీద ఎంత చక్కగా ఉన్నా, ఈ యాంటీబాడీ కొలిపించుకోవాలి.

ఇక ప్రమాదవశాత్తు తగిలిన సందర్భం. లింఫోసైట్ ఇంత సున్నితం కావడమే ఇక్కడ వరం, అదే కొలబద్ద. చేయాల్సిన వరుస ఇది. వీలైనంత త్వరగా మొదటి సీబీసీ (రక్తకణాల లెక్క), డిఫరెన్షియల్‌తో (తెల్లకణాల్లో ఏ రకం ఎంతన్న విభజన) సహా. ఆ తర్వాత రెండు మూడు రోజులు ప్రతి 6 నుంచి 12 గంటలకు ఒకసారి. వాంతి ఎన్ని గంటలకు మొదలైందో రాసిపెట్టుకోవాలి, తొందరగా మొదలైతే మోతాదు ఎక్కువని అనుమానించాలి. 48 గంటల దగ్గర లింఫోసైట్ల అసలు లెక్క మైక్రోలీటర్‌కి 1400 పైన ఉంటే భయం లేదు. 1000 నుంచి 1400 అయితే మధ్యస్థం, 500 నుంచి 1000 తీవ్రం, 100 నుంచి 500 అతి తీవ్రం. వంద కింద అయితే బతకడం కష్టం. మొదటి 24 గంటల్లో సగానికి పడిపోయి, తర్వాత ఇంకా పడుతూ ఉంటే ప్రాణాంతక మోతాదు అనుకుని సిద్ధం కావాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, శాతాన్ని చూసి లెక్క మరచిపోవడంలో. ఉదాహరణకి తెల్లకణాలు 12,000, లింఫోసైట్లు 6 శాతం అని రిపోర్టు వచ్చింది. "తెల్లకణాలు పెరిగాయి, ఇన్ఫెక్షన్ కావచ్చు" అని పక్కన పెట్టేస్తారు. 12,000లో 6 శాతం అంటే 720. తొలిరోజుల్లో న్యూట్రోఫిల్స్ ఉబ్బరంగా పెరిగి మొత్తాన్ని పైకి ఎత్తుతాయి, ఆ నీడలో లింఫోసైట్లు మాయమవుతుంటాయి. రెండో తప్పు, ఒక్క రిపోర్టుతో తేల్చెయ్యడం. కాలిన గాయాలు, పెద్ద దెబ్బలు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా లింఫోసైట్లను తాత్కాలికంగా తగ్గిస్తాయి. అందుకే మొదటి నమూనా స్టెరాయిడ్ ఇవ్వకముందే తీయాలి, వరుసగా వచ్చే అంకెల వాలు చూడాలి.

కచ్చితమైన మోతాదు కావాలంటే డైసెంట్రిక్ పరీక్ష. మామూలు క్రోమోజోముకు నడుము ఒకటే ఉంటుంది. రెండు క్రోమోజోములు తెగి తప్పుగా అతుక్కుంటే రెండు నడుములది, అంటే డైసెంట్రిక్, పుడుతుంది, పక్కనే నడుము లేని తునక ఒకటి పడి ఉంటుంది. రేడియేషన్ తగలనివాళ్లలో ఇలాంటిది వెయ్యి కణాలకు ఒకటి ఉంటే ఎక్కువ. నమూనా 24 గంటలు గడిచాక, లిథియం హెపారిన్ ట్యూబులో తీయాలి. సీబీసీకి వాడే ఈడీటీఏ ట్యూబులో పంపితే కణాలు సరిగా పెరగవు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించకూడదు, గది వేడిమిలోనే వెళ్లాలి. అక్కడ లింఫోసైట్లను విభజనకు పురిగొల్పే ఫైటోహీమాగ్లుటినిన్‌తో 48 గంటలు పెంచి, కోల్సెమిడ్ అనే మందుతో విభజన మధ్యలో ఆపి, 500 నుంచి 1000 కణాల్లో డైసెంట్రిక్‌లు లెక్కపెడతారు. 0.1 నుంచి 0.2 గ్రే దాకా పట్టగలదు. నెలల తర్వాతైతే డైసెంట్రిక్‌లు తగ్గిపోతాయి, అప్పుడు ఫిష్ పద్ధతిలో (క్రోమోజోములకు మెరిసే రంగులు పట్టించి) ముక్కలు ఒక క్రోమోజోము నుంచి ఇంకోదానికి మారిన స్థానమార్పిడులు చూడాలి.

వైద్యంలో మొదటి మందు మూలుగను ప్రేరేపించే ఫిల్‌గ్రాస్టిమ్, కిలోకి 10 మైక్రోగ్రాముల చొప్పున రోజూ, 2 గ్రేలు దాటిందని అనుమానం రాగానే. న్యూట్రోఫిల్స్ పడిపోయేదాకా ఆగకూడదు. అమెరికా ఎఫ్‌డీఏ 2015లో దీన్ని ఈ అవసరానికి ఆమోదించింది. ఇది న్యూట్రోఫిల్స్‌ని లేపుతుంది, లింఫోసైట్లను కాదు. కాబట్టి తెల్లకణాలు పెరిగాయని వైరస్, ఫంగస్ జాగ్రత్తలు ఎత్తేయకూడదు. పొటాషియం అయోడైడ్ మాత్ర రేడియోధార్మిక అయోడిన్ నుంచి థైరాయిడ్‌ని కాపాడుతుంది, మూలుగకీ లింఫోసైట్లకీ దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రక్తం ఎక్కించాల్సి వస్తే, ఆ రక్తానికే రేడియేషన్ ఇచ్చి ఎక్కించాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ కారణం పైన చెప్పుకున్నదే. దాత లింఫోసైట్లు, అడ్డుకునేవాళ్లు లేని రోగి ఒంట్లో పెరిగి అతని కణజాలాల మీదే పడతాయి, అది దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది. సంచి మధ్యలో 25 గ్రేలు, ఏ మూలా 15కి తగ్గకుండా ఇస్తే ఆ లింఫోసైట్లు విభజన చెందలేవు. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు పనిచేస్తూనే ఉంటాయి. ఎర్రకణాల నుంచి పొటాషియం కారడం మాత్రం పెరుగుతుంది. అందుకే అలాంటి సంచిని 28 రోజులు దాటి ఉంచరు, పసిపిల్లలకు వీలైనంత తాజాది వాడతారు.

ఏళ్ల తర్వాత ఏం మిగులుతుందన్నదానికి హిరోషిమా, నాగసాకి బాధితుల మీద దశాబ్దాలుగా సాగుతున్న పరిశీలనే పెద్ద ఆధారం. ఎక్కువ మోతాదు తగిలినవాళ్లలో కొత్త టి కణాల వాటా తగ్గింది, ఉన్న జ్ఞాపక టి కణాల్లో వైవిధ్యం పలచబడింది, ఐఎల్-6, సీఆర్‌పీ లాంటి వాపు సూచికలు కాస్త ఎక్కువగా ఉన్నాయి. చూడ్డానికి అది రోగనిరోధక వ్యవస్థ తన వయసుకన్నా ముందే ముసలిదైనట్టు ఉంటుంది. లింఫోసైట్ల మొత్తం లెక్క మామూలుకు వచ్చి ఉన్నా లోపలి పంపకం మారిపోయిందన్నమాట.

యాంటీబాడీల తయారీ తిరిగి మొదలైందో లేదో తెలుసుకోవాలంటే ఒక్క ఐజీజీ కొలత చాలదు. సీడీ19 బి కణాలు, సీడీ4 టి కణాలు లెక్కించాలి. తర్వాత ఒక చచ్చిన టీకా వేసి, వేసే ముందు ఒక నమూనా, నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఇంకో నమూనా తీసి, ఆ టీకాకి ప్రత్యేకమైన టైటర్‌ని పోల్చాలి. పెరిగితే వ్యవస్థ పనిచేస్తోంది. రెండు నమూనాలూ ఒకే ప్రయోగశాలలో, వీలైతే ఒకే రోజు పరీక్షించాలి, లేకపోతే కిట్ తేడాలే పెరుగుదలలా కనబడతాయి. మధ్యలో ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కించి ఉంటే ఆ పరీక్ష నెలల తరబడి పనికిరాదు. మీరు కొలిచేది రోగి యాంటీబాడీ కాదు, వేలమంది దాతలది.